ఎలక్ట్రిక్ వ్యాన్‌లో ఏసీ ఫ్లాప్ మోటార్ మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఎలక్ట్రిక్ వ్యాన్లు నడిపేవాళ్ల కోసం, వాటిని చూసే ఏసీ, వైరింగ్ మెకానిక్‌ల కోసం రాసిన సమాధానాలివి. బండి ఏ కంపెనీదైనా ఏసీ బాక్సు లోపల జరిగే పని ఒకటే కాబట్టి ఇందులో చాలావరకు అన్నింటికీ పనికొస్తుంది. స్క్రూలు ఎక్కడున్నాయి, ఏ ట్రిమ్ (ప్లాస్టిక్ తొడుగు) ముందు తీయాలి అన్నది మాత్రం మీ బండి సర్వీస్ మాన్యువల్ చూసే చేయాలి.

ఫ్లాప్ మోటార్ అంటే ఏది? బండిలో ఎన్ని ఉంటాయి?

డ్యాష్‌బోర్డు వెనక పెద్ద ప్లాస్టిక్ బాక్సు ఉంటుంది. బ్లోయర్, కూలింగ్ కాయిల్, హీటర్ అన్నీ అందులోనే. గాలి ఎటు పోవాలో తేల్చే చిన్న చిన్న తలుపులు కూడా దాంట్లోనే ఉంటాయి, వాటినే ఫ్లాప్‌లు అంటాం. ఒక ఫ్లాప్ బయటి గాలినో లోపలి గాలినో బ్లోయర్‌కు అందిస్తుంది. ఇంకొకటి హీటర్ మీదుగా ఎంత గాలి పోవాలో చూస్తుంది. మూడోది గాలిని ముఖానికో, కాళ్లకో, ముందు అద్దానికో పంపిస్తుంది. ఒక్కో ఫ్లాప్ ఇరుసుకు బాక్సు బయట అరచేతిలో పట్టేంత నల్లటి మోటార్ బిగించి ఉంటుంది. డ్రైవర్‌కు, పక్క సీటుకు వేర్వేరు టెంపరేచర్ పెట్టుకునే బండిలో నాలుగైదు మోటార్లు, మామూలు బండిలో రెండు మూడు ఉంటాయి.

తక్కువ ధర వ్యాన్లలో టెంపరేచర్ ఫ్లాప్‌ను మోటార్ కాకుండా ఇనుప తీగ కేబుల్ తిప్పుతుంది. నాబ్ తిప్పినప్పుడు చేతికి బరువుగా తగిలితే అది కేబులే. అలాంటి బండిలో లోపలి గాలి ఫ్లాప్‌కు మాత్రమే మోటార్ ఉండొచ్చు. లేని మోటార్ కోసం డ్యాష్‌బోర్డు విప్పకండి.

బండి ఆన్ చేయంగనే లోపల టిక్ టిక్ అంటోంది. అదేనా?

దాదాపుగా అదే. మోటార్ తిరుగుతోంది కానీ గేరు పళ్లు అరిగి జారిపోతున్నాయన్నమాట. ఆన్ చేసిన మొదటి అర నిమిషం వచ్చి ఆగిపోతే, కంట్రోల్ యూనిట్ ఫ్లాప్‌ను చివరిదాకా తిప్పబోయి చేతులెత్తేసిందని అర్థం. ఏ మోటారో తేల్చడానికి బ్లోయర్‌ను అన్నింటికంటే తక్కువ స్పీడులో పెట్టి ఒక్కో బటన్ నొక్కుతూ వినండి. లోపలి గాలి బటన్ నొక్కినప్పుడే వస్తే గ్లవ్ బాక్సు వెనక పైభాగంలో ఉండే మోటార్, టెంపరేచర్ మార్చినప్పుడు వస్తే హీటర్ దగ్గరిది, గాలి దిశ మార్చినప్పుడు వస్తే మూడోది.

చప్పుడే లేకుండా పాడయ్యేవీ ఉన్నాయి. గాలి ఎప్పుడూ అద్దం మీదికే పోవడం, లోపలి గాలి బటన్ నొక్కినా బ్లోయర్ శబ్దం మారకపోవడం, ఒకవైపు చల్లగా ఇంకోవైపు వెచ్చగా రావడం దాని గుర్తులు. వంటింట్లో వాడే ప్రోబ్ థర్మామీటర్‌ను గాలి వచ్చే ఎడమ, కుడి వెంట్లలో రెండేసి నిమిషాలు పెట్టి చూడండి. రెండు వైపులా ఒకే టెంపరేచర్ పెట్టినా తేడా 6, 7 డిగ్రీలు దాటితే ఫ్లాప్‌ల వైపు అనుమానించాలి.

ఏసీ షెడ్డులో గ్యాస్ అయిపోయిందన్నారు. గ్యాస్ నింపిస్తే పోతుందా?

ఫ్లాప్ తప్పయితే పోదు. కూలింగ్ కాయిల్ నుంచి వచ్చే పైపుల్లో సన్నదాన్ని కాదు, లావుదాన్ని ముట్టుకోండి. ఏసీ నడుస్తుంటే అది చల్లగా, చెమట పట్టి ఉంటే గ్యాస్ తన పని తాను చేస్తోంది. పైపు చల్లగా ఉండి వెంట్లో గాలి వెచ్చగా ఉంటే లోపల గాలి దారి తప్పుతోందన్నమాట. రోహిణి కార్తెలో బయట 44 డిగ్రీలున్నప్పుడు బయటి గాలి ఫ్లాప్ తెరుచుకుని ఇరుక్కుంటే, ఎంత మంచి ఏసీ అయినా ఆ వేడిని మోయలేదు.

మోటార్ మార్చడానికి గ్యాస్ లైను విప్పాల్సిన అవసరమే లేదు. ఎవరైనా విప్పాలంటే కారణం అడగండి. ఎలక్ట్రిక్ బండి కంప్రెసర్‌లో హైవోల్టేజ్ మోటార్ నూనెలోనే తిరుగుతుంది. అందుకని కంపెనీ చెప్పిన, కరెంటు పారని పీఓఈ రకం నూనె తప్ప పెట్రోలు, డీజిల్ బండ్లలో పోసే పీఏజీ నూనె పడకూడదు. పడితే ఇన్సులేషన్ దెబ్బతిని బండి లీకేజీ తప్పు చూపించి ఆగిపోవచ్చు. గ్యాస్ మిషన్ పైపుల్లో మిగిలిన పాత నూనె కూడా చాలు, ఆ పని చేయడానికి.

ఎండాకాలమంతా బాగానే ఉంది. వానలు పడ్డాక అద్దం మీది మంచు పోవడం లేదు. అంతలోనే ఎట్ల పాడైంది?

అంతకుముందే పాడై ఉంటుంది, కనపడలేదంతే. చాలా డీజిల్ వ్యాన్లలో హీటర్ కోర్‌లో ఎప్పుడూ వేడి నీళ్లు పారుతుంటాయి, టెంపరేచర్ ఫ్లాప్ కాస్త తెరుచుకున్నా వెంటనే తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్ వ్యాన్‌లో ఇంజను వేడి లేదు. కరెంటుతో వేడెక్కే పీటీసీ హీటర్ ఆన్ అయితేనే వేడి. ఎండాకాలం అది ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి ఫ్లాప్ వేడి వైపు ఇరుక్కున్నా గాలి చల్లటి హీటర్ మీదుగానే వస్తుంది, మీకు తేడా తెలియదు. చల్లదనం వైపు ఇరుక్కున్నా అప్పుడు ఇబ్బంది ఉండదు. వానాకాలంలో, జనవరి పొద్దున శ్రీశైలం ఘాట్ దారిలో వేడి గాలి కావాలన్నప్పుడే బయటపడుతుంది.

హీట్ పంప్ (ఏసీ గ్యాస్‌తోనే వేడి గాలి కూడా ఇచ్చే పద్ధతి) ఉన్న వ్యాన్ లెక్క వేరు. చాలా హీట్ పంప్ డిజైన్లలో ఏసీ నడిచేటప్పుడు కూడా బాక్సు లోపలి కండెన్సర్ వేడిగానే ఉంటుంది, దాన్ని మూసేది ఈ ఫ్లాపే. అది తెరుచుకుని ఇరుక్కుంటే మే నెలలో ముఖానికి వేడి గాలి కొడుతుంది. మీ బండిలో ఏది ఉందో ముందు తెలుసుకోండి. ఒకే తప్పు రెండు బండ్లలో రెండు రకాలుగా కనిపిస్తుంది.

దీనివల్ల రేంజి (ఒక చార్జింగ్‌తో నడిచే దూరం) తగ్గుతుందా?

తగ్గుతుంది. బయటి గాలి ఫ్లాప్ తెరుచుకుని ఉంటే కంప్రెసర్ ఊపిరి తీసుకోకుండా తిరుగుతూనే ఉంటుంది. చలికాలంలో టెంపరేచర్ ఫ్లాప్ మూసుకుని ఉంటే హీటర్ వేడెక్కుతుంది కానీ ఆ వేడి క్యాబిన్‌కు రాదు. డ్రైవర్ టెంపరేచర్ పెంచుతూ పోతాడు, కరెంటు వృథాగా పోతుంది. నల్లగొండ నుంచి దేవరకొండకు సరుకు వేసి చార్జింగ్ లేకుండానే తిరిగి రావాలనుకునే బండికి ఆ కాస్త తేడా కూడా లెక్కే.

ఎలక్ట్రిక్ బండి కదా, చేయి పెడితే షాక్ కొట్టదా?

ఫ్లాప్ మోటార్ నడిచేది 12 వోల్టుల మీద. దాంతో ప్రాణభయం లేదు. దాని పక్కన ఉండేవాటితోనే జాగ్రత్త. చాలా వ్యాన్లలో పీటీసీ హీటర్ అదే బాక్సులో ఉంటుంది, దానికి నారింజ రంగు కేబుల్ వస్తుంది. ఆ రంగు హైవోల్టేజ్‌కు గుర్తు. మన దేశంలో ఎలక్ట్రిక్ కార్లు, వ్యాన్ల భద్రతకు ఏఐఎస్-038 ప్రమాణం ఉంది. డీసీలో 60 వోల్టులు దాటితే హైవోల్టేజ్ కిందే లెక్క, బ్యాటరీ ప్యాక్‌లు దానికి ఎన్నో రెట్లు ఉంటాయి.

నారింజ కేబుల్‌ను ముట్టకుండా, వంచకుండా మోటార్ తీయగలిగితే మామూలు మెకానిక్ చేసుకోవచ్చు. ఆ కేబుల్ గానీ దాని కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్) గానీ విప్పితేనే మోటార్ చేతికి అందుతుందంటే అక్కడితో ఆపాలి. హైవోల్టేజ్ బ్యాటరీని విడదీసే సర్వీస్ డిస్కనెక్ట్ తీసి, మాన్యువల్ చెప్పినంత సేపు కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, మీటరుతో వోల్టేజీ లేదని చూసి, 1000 వోల్టులకు సరిపోయే క్లాస్ 0 రబ్బరు గ్లౌజులతో చేసే పని అది. హైవోల్టేజ్ శిక్షణ ఉన్నవాళ్లకే వదిలేయండి. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. 12 వోల్టుల బ్యాటరీ తీయకుండా వాటిని కదిలించొద్దు.

ఏ రకం మోటారో ఎట్ల గుర్తుపట్టాలి?

పిన్నులు లెక్కపెడితే సగమే తెలుస్తుంది. 5 పిన్నులున్నది రెండు రకాల్లో ఏదైనా కావచ్చు. మోటార్‌ను బండి నుంచి విడదీసి మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టండి. ఒక పిన్ను నుంచి మిగతా నాలుగింటికీ ఒకే రెసిస్టెన్స్ వస్తే అది అడుగు అడుగుగా తిరిగే స్టెప్పర్ మోటార్. రెండు పిన్నుల మధ్య తక్కువ రెసిస్టెన్స్ చూపించి, మిగతా మూడింటి మధ్య కిలో ఓమ్స్‌లో వస్తే అది పొటెన్షియోమీటర్ (ఫ్లాప్ ఎక్కడుందో చెప్పే భాగం) ఉన్న డీసీ మోటార్. ఆ మూడు పిన్నులు 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. బండికి తగిలించి వెనక నుంచి పిన్ గుచ్చి చూస్తే ఫ్లాప్ తిరిగేకొద్దీ సిగ్నల్ సుమారు అర వోల్టు నుంచి నాలుగున్నర వోల్టుల దాకా నెమ్మదిగా మారాలి. మధ్యలో ఎగిరిపడితే పొటెన్షియోమీటర్ ట్రాక్ అరిగింది.

3 లేదా 4 పిన్నులున్నవి ఎక్కువగా లిన్ బస్ మోటార్లు, అంటే ఒకే డేటా లైను మీద ఆజ్ఞలు అందుకునేవి. లోపలే చిన్న చిప్ ఉంటుంది. 12 వోల్టులు, ఎర్త్, ఒక డేటా వైరు. డేటా వైరు మీద మాటలు నడవనప్పుడు బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా, నడుస్తున్నప్పుడు అంతకంటే తక్కువగా చూపిస్తుంది. ఎప్పుడూ సున్నా చూపిస్తే ఎక్కడో వైరు ఎర్త్‌కు తగులుతోంది, ఆ ఒక్క తప్పుతో ఆ లైను మీది మోటార్లన్నీ పడిపోతాయి. 4 పిన్నుల వాటిలో డేటా ఒక మోటార్ లోంచి ఇంకో మోటార్‌కు పోతుంది. వరుసలో ఎన్నోది అన్నదాన్ని బట్టే దానికి నంబరు వస్తుంది కాబట్టి రెండు కప్లర్లు అటూ ఇటూ మారిస్తే టెంపరేచర్ నొక్కితే గాలి దిశ మారుతుంది. విప్పేముందే కప్లర్లకు టేపు చుట్టి గుర్తు రాయండి.

డీసీ మోటార్‌ను మాత్రమే, అది కూడా మోటార్ పిన్నుల మీదే, బయట 9 వోల్టుల బ్యాటరీతో తిప్పి చూడొచ్చు. లిన్ మోటార్ డేటా పిన్నుకో, పొటెన్షియోమీటర్ పిన్నులకో నేరుగా కరెంటు ఇస్తే మంచిది కూడా కాలిపోతుంది.

ఏమేం సామాను కావాలి?

పావు అంగుళం రాట్చెట్, 7, 8, 10 ఎంఎం సాకెట్లు, టీ15, టీ20 స్టార్ బిట్లు, 2 నంబరు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ (పొట్టిదీ, పొడవుదీ), ట్రిమ్ తీసే ప్లాస్టిక్ పట్టీలు, తలకు పెట్టుకునే లైటు, చిన్న అద్దం, అయస్కాంతం పుల్ల, మల్టీమీటర్. పడిపోయిన స్క్రూ బాక్సులోకి జారితే గంట పని పెరుగుతుంది, కాబట్టి అయస్కాంతం మర్చిపోవద్దు.

మార్చే పద్ధతి వరుసగా చెప్పండి.

ముందు టెంపరేచర్ పూర్తి చల్లదనంలో, లోపలి గాలి ఆన్‌లో పెట్టి ఒక నిమిషం ఆగండి. ఫ్లాప్‌లు ఒక తెలిసిన చోట నిలబడతాయి. చార్జింగ్ గన్ తీసేయండి, ఎందుకంటే చార్జింగ్ జరుగుతుంటే డీసీ-డీసీ కన్వర్టర్ 12 వోల్టుల లైనుకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. బండి ఆఫ్ చేసి, తాళం దూరంగా పెట్టి, బానెట్ తెరిచే ఉంచి, పది నిమిషాలు ఆగి 12 వోల్టుల బ్యాటరీ మైనస్ తీగ తీయండి. ఇంకో పది నిమిషాలు ఆగితే ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో మిగిలిన చార్జి పోతుంది.

గ్లవ్ బాక్సు, కింది ట్రిమ్ తీయండి. తీసే ప్రతి దశకూ ఫోనులో ఫోటో తీసుకోండి. మోటార్ కప్లర్ లాక్ నొక్కి లాగాలి, వైర్లు పట్టుకుని లాగొద్దు. రెండు మూడు స్క్రూలు ఉంటాయి, అవన్నీ తీశాక మోటార్‌ను ఇరుసు మీద నుంచి నేరుగా లాగండి. వంకరగా పీకితే ఫ్లాప్ ఇరుసు విరుగుతుంది. అది విరిగితే బాక్సు మొత్తం బయటికి రావాలి.

ఇప్పుడు అసలు పని. మోటార్ లేకుండా ఫ్లాప్ ఇరుసును రెండు వేళ్లతో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పండి. మెత్తగా తిరిగి, రెండు చివర్లా స్పష్టంగా ఆగాలి. ఎక్కడైనా పట్టేస్తే కొత్త మోటార్ పెట్టొద్దు. పాత మోటార్ పాడవడానికి కారణం అదే. దాన్ని సరిచేయకుండా పెట్టిన కొత్తది కూడా అలాగే పోతుంది. షెడ్డుల్లో ఎక్కువగా వదిలేసేది ఈ ఒక్క పనే.

కొత్త మోటార్ ఇరుసు ఎక్కువగా డీ ఆకారంలో ఉంటుంది. గాడి కలవకపోతే ఫ్లాప్‌ను తిప్పి కలపండి. మోటార్ గేరును చేత్తో తిప్పితే లోపలి పళ్లు విరుగుతాయి. స్క్రూను మొదట విప్పే దిశలో కాస్త తిప్పండి, చిన్న టిక్ మని పాత మర లోకి కూర్చుంటుంది, అప్పుడు బిగించండి. ప్లాస్టిక్‌లో కూర్చునే స్క్రూకు ఒకటి రెండు న్యూటన్ మీటర్లు చాలు, అంటే పొట్టి స్క్రూడ్రైవర్‌ను మూడు వేళ్లతో తిప్పినంత. మోటార్లన్నీ బిగించి కప్లర్లన్నీ పెట్టాకే బ్యాటరీ కలపండి.

ఫ్లాప్ ఎందుకు పట్టేస్తుంది?

మన దగ్గర కారణాలకు కొదవ లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టూ తిరిగే బండ్లలో ఊక, తవుడు దుమ్ము చేరుతుంది. దామరచర్ల, మట్టంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల దారిలో పొడి చేరుతుంది. అది తేమతో కలిస్తే ఇరుసు దగ్గర గట్టిపడుతుంది. పత్తి తీసే రోజుల్లో దూది పీచు ఇరుసుకు తాడులా చుట్టుకుంటుంది. వేపచెట్టు కింద నిలిపే బండిలో అద్దం కింది జాలీ గుండా ఆకులు దిగుతాయి. ఇవి కాక ఫ్లాప్ అంచున అతికించిన నురుగు పట్టీ ఎండకు పొడి పొడిగా రాలి మడతలు పడుతుంది. వెంట్ల లోంచి నల్లటి పొక్కులు ఎగిరొస్తే అదే గుర్తు.

బ్లోయర్ తీసి ఆ కంతలో అద్దం, లైటు పెట్టి చూడండి, మెత్తటి బ్రష్‌తో, వాక్యూమ్‌తో తీయండి. నీళ్లు పోయొద్దు, కింద హీటర్ ఉంది. ఇరుసుకు ప్లాస్టిక్‌కు పనికొచ్చే సిలికోన్ గ్రీజు చుక్క చాలు. మామూలు బేరింగ్ గ్రీజు, డీజిల్, తుప్పు వదిలించే స్ప్రే వాడితే దుమ్ము మరింత పడుతుంది, కొన్ని ప్లాస్టిక్‌లు పగులుతాయి.

బ్యాటరీ కలిపాక ఏం చేయాలి?

బండి ఆన్ చేసి రెండు నిమిషాలు ఏసీ బటన్లేవీ ముట్టకండి. చాలా బండ్లలో కంట్రోల్ యూనిట్ ప్రతి ఫ్లాప్‌నూ ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పి కొలత తీసుకుంటుంది. మధ్యలో ఆఫ్ చేస్తే తప్పు కొలత గుర్తుంచుకుంటుంది. కొన్నింటికి తప్పు కోడ్‌లు చదివే స్కానర్‌తో క్యాలిబ్రేషన్ (ఈ కొలత తీసుకునే పని) ఆజ్ఞ ఇవ్వాలి. చౌక బ్లూటూత్ స్కానర్లు ఎక్కువగా ఇంజను కోడ్‌లే చదువుతాయి, బీ అక్షరంతో మొదలయ్యే బాడీ కోడ్‌లు చదవవు. కాబట్టి అది తప్పేమీ లేదని చూపించినా నమ్మొద్దు.

12 వోల్టుల బ్యాటరీ బలహీనంగా ఉన్నా క్యాలిబ్రేషన్ సగంలో ఆగుతుంది. బండి ఆఫ్‌లో 12.4 వోల్టుల కంటే తక్కువుంటే ముందు దాన్ని చార్జి చేయండి. కిటికీ అద్దాల ఆటో సెట్టింగు, గడియారం మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు.

కొత్త మోటార్ కూడా టిక్ టిక్ అంటోంది.

మూడు చోట్ల చూడండి. ఫ్లాప్ బిగుతు, లేదా మోటార్ వంకరగా కూర్చోవడం, లేదా ఫ్లాప్ ఇరుసు గుబ్బ పగలడం. గుబ్బ పగిలితే మోటార్ తిరుగుతుంది, ఇరుసు తిరగదు. అద్దం పెట్టి చూస్తూ ఇంకొకరితో బటన్ నొక్కిస్తే తేలిపోతుంది. మోటార్ తీసి ఉండగా ఎవరైనా బండి ఆన్ చేసినా తప్పు కొలత పడుతుంది. మళ్లీ క్యాలిబ్రేషన్ చేస్తే అది పోతుంది.

మోటార్‌కు కరెంటే రావడం లేదు.

ఫ్యూజు చూశాక ఎలుకల కోసం వెతకండి. వరి కోతలయ్యాక పొలాల్లోంచి ఎలుకలు ఇళ్ల దగ్గర నిలిపిన బండ్లలోకి చేరతాయి. బ్లోయర్ చుట్టూ గూడు కట్టి సన్నటి వైర్లు కొరుకుతాయి. తెగిన వైరుకు సోల్డర్ చేసి హీట్ ష్రింక్ ట్యూబు వేయండి, ఉత్త టేపు చుడితే ఎండకు జిగురు కరిగి ఊడిపోతుంది. నారింజ కేబుల్ మీద పంటి గాటు కనిపించినా బండి నడపొద్దు. క్యాబిన్ ఫిల్టర్ గూడు తెరిచి చూడటం నెలకోసారి చేస్తే చాలు, గూడు మొదట్లోనే దొరుకుతుంది.

పాత గేర్లు అతికించి వాడొచ్చా?

వద్దు. ఆ గేర్లు ఎక్కువగా అసిటల్ ప్లాస్టిక్‌వి, దానికి జిగురు పట్టదు. అతికిన ముక్క వారం తర్వాత ఊడి గేర్ల మధ్య పడుతుంది.

కొత్తది కొనేటప్పుడు?

పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి, లేదా దాని మీది పార్ట్ నంబరు పూర్తిగా, చివరి అక్షరంతో సహా పంపండి. హైదరాబాద్ రాణిగంజ్‌లో చూడ్డానికి ఒకేలా ఉండేవి దొరుకుతాయి. పిన్నుల సంఖ్య, ఇరుసు ఆకారం, స్క్రూ రంధ్రాలు కలిసినా తిరిగే దిశ తేడా ఉండొచ్చు, లిన్ మోటార్ అయితే లోపలి ప్రోగ్రాం తేడా ఉండొచ్చు. బండి వారంటీలో ఉంటే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. విప్పాక ఇస్తే వాదన మిగులుతుంది.

ఎంతసేపు పడుతుంది?

గ్లవ్ బాక్సు వెనకదైతే ముప్పావు గంట, బ్యాటరీ తీసి ఆగే సమయం కాక. స్టీరింగ్ వైపు కాళ్ల దగ్గరిదైతే గంటన్నర. డ్యాష్‌బోర్డు దించాల్సిన చోట ఉంటే పూర్తి రోజు. అలాంటప్పుడు అటువైపున్న మిగతా మోటార్లు, నురుగు పట్టీలు కూడా చూసి, అనుమానమున్నవి అప్పుడే మార్చడం మంచిది.

పార్ట్ రావడానికి వారమంటున్నారు. అంతదాకా బండి నడపొచ్చా?

నడపొచ్చు. మోటార్ తీసి ఫ్లాప్‌ను చేత్తో కావలసిన చోట పెట్టి, కదలకుండా జిప్ టైతో కట్టండి, కప్లర్‌కు టేపు చుట్టండి. అద్దానికి గాలి పంపే ఫ్లాప్‌ను వానాకాలంలో ముఖానికి పూర్తిగా తిప్పి కట్టొద్దు, అద్దం మూసుకుపోతే దారి కనపడదు. లోపలి గాలి ఫ్లాప్‌ను బయటి గాలి దారి పూర్తిగా మూసుకోకుండా సగంలో నిలిపి కట్టండి. పిల్లల్ని ఎక్కించే స్కూలు వ్యాన్‌లో అయితే ఇది తప్పనిసరి, ఎందుకంటే నిండా జనమున్న బండిలో బయటి గాలి రాకపోతే ఊపిరి గాలే మళ్లీ తిరిగి డ్రైవర్‌కు మగత వస్తుంది.